పచ్చివాసన

బోర్బన్ అనగానే మన ఇళ్ళల్లో పిల్లలకు గుర్తొచ్చేది బిస్కత్తు. రెండు చాకొలెట్ పలకల మధ్య తీపి మెత్తి, పైన పంచదార చల్లిన ఆ బిస్కత్తుకూ, ఈ వారం నేను వ్రాయబోయే సరుక్కూ చుట్టరికం పేరులో మాత్రమే. రెంటికీ మూలపురుషులు ఒకప్పుడు ఫ్రాన్సు దేశాన్ని ఏలిన బోర్బన్ రాజులు. స్వాతంత్ర్య యుద్ధంలో తమకు సాయపడినందుకు కృతజ్ఞతగా అమెరికా వారు ఒక కౌంటీకి ఆ రాజవంశం పేరు పెట్టుకున్నారు. అది ఇప్పుడు కెంటకీ రాష్ట్రంలో ఉంది. మొక్కజొన్న విస్కీకి ఆ పేరు అక్కడి నుంచే వచ్చిందని కొందరూ, కాదు, న్యూ ఆర్లియన్సులోని బోర్బన్ వీధి నుంచి వచ్చిందని కొందరూ వాదించుకుంటారు. ఎవరు నెగ్గినా పేరు మాత్రం ఆ రాజులదే.

ఇంటిల్లిపాదీ చదువుకొనే పత్రికలో సారాయి మీద వ్యాసమేమిటని కొందరు మొహం చిట్లిస్తారని నాకు తెలుసు. అల్లా చిట్లించేవారే దీన్ని చివరిదాకా చదవాలని నా మనవి. సీసాలో ఉన్నదాన్ని గురించి ఎంత వ్రాస్తానో, సీసా మీద అంటించిన కాగితాన్ని గురించీ అంత వ్రాయబోతున్నాను. తాగనివారికి కూడా ఆ కాగితంతో పని ఉంది.

సంగతి ఏమిటంటే, మా మేనల్లుడు ఒకడు టెక్సాసులో డల్లాసు దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతి పండక్కి కర్నూలు వచ్చాడు. విదేశాల నుంచి వచ్చేవారు రెండు లీటర్ల దాకా మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చునని కస్టమ్సు వారి నియమం. అందులో ముప్పాతిక లీటరు నా వంతుకు వచ్చింది. సాధారణంగా ఇల్లా వచ్చేవాళ్ళు విమానాశ్రయంలో దొరికే పేరుమోసిన కంపెనీ సీసా పట్టుకొస్తారు. వీడు అల్లా చెయ్యలేదు. తమ ఊరికి గంట ప్రయాణంలో, పొలాల మధ్య రేకుల కొట్టంలో భార్యాభర్తలిద్దరూ ఇంకో ఇద్దరు పనివాళ్ళను పెట్టుకొని నడిపే చిన్న బట్టీకి స్వయంగా వెళ్ళి కొనుక్కొచ్చాడు.

"మామా, దీని వయసు పద్ధెనిమిది నెలలే. నీకెల్లా ఉంటుందో చూడు," అన్నాడు.

సీసా మీది కాగితం చదివాను. మొక్కజొన్న ఎంత, గోధుమ ఎంత, మొలక బార్లీ ఎంత అన్న లెక్క ఉంది. పీపాలో ఉంచినది 18 నెలలని ఉంది. నూటికి 47 పాళ్ళు ఆల్కహాలని ఉంది. ఏ పీపాలోది, ఎన్నో సీసా అన్నది చేత్తో వ్రాశారు. ఇందులో చట్టం అడిగినందువల్ల చెప్పింది కొంత, వాళ్ళంతట వాళ్ళు చెప్పుకున్నది కొంత. పిండిమర దగ్గర బియ్యం ఏ రకమో, ఎన్నేళ్ళ పాతవో మనం అడిగి తెలుసుకున్నట్టుంది వ్యవహారం.

ఇక్కడ ఆ చట్టం సంగతి కొంచెం చెప్పాలి. బోర్బన్ అని పేరు పెట్టాలంటే సరుకు అమెరికాలోనే తయారు కావాలి. 1964లో అమెరికా కాంగ్రెసు ఇది తమ దేశపు ప్రత్యేక వస్తువని తీర్మానం కూడా చేసింది. వాడే ధాన్యంలో నూటికి 51 పాళ్ళు తక్కువ కాకుండా మొక్కజొన్న ఉండాలి. మిగిలింది రై గానీ గోధుమ గానీ మొలకెత్తించిన బార్లీ గానీ కావచ్చు. రాగులు మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టించే ఇల్లాలికి బార్లీ మొలక ఎందుకో వేరే చెప్పక్కర్లేదు: మొలకెత్తిన గింజలో పుట్టే గుణం పిండిని తీపిగా మారుస్తుంది. ఆ తీపి పులిసి, బట్టీలో కాగి, ఆవిరై, చల్లారి ధార కడుతుంది. ఆ ధారలో ఆల్కహాలు నూటికి 80 పాళ్ళు మించరాదు. మించితే ధాన్యపు రుచి పోతుందని. పీపాలో పోసేటప్పుడు 62.5 పాళ్ళు మించరాదు. సీసాలో పట్టేటప్పుడు 40 పాళ్ళకు తగ్గరాదు. నీళ్ళు తప్ప ఇంకేమీ కలపరాదు, రంగు కూడా. పీపా సరికొత్త ఓక్ కొయ్యది కావాలి, దాని లోపలివైపు మండించి బొగ్గు చేయాలి. కొందరు లోపలి కొయ్య మొసలి వీపులాగా పగిలేదాకా మండిస్తారు.

ఇన్ని నియమాలు పెట్టిన చట్టం ఒక్క విషయంలో ఉదారంగా ఉంది. బోర్బన్ అనిపించుకోవడానికి ఇన్నేళ్ళు పీపాలో ఉండి తీరాలన్న గడువేమీ లేదు. 'స్ట్రెయిట్' బోర్బన్ అనాలంటే మాత్రం రెండేళ్ళు నిండాలి. నాలుగేళ్ళు నిండనిదైతే వయసెంతో సీసా మీద వ్రాసి తీరాలి. అంటే పసిదాన్ని అమ్ముకోవచ్చు, కానీ పసిదని చెప్పి అమ్ముకోవాలి.

ఇహ రుచి సంగతి. ఆ సాయంత్రం మా ఇంట్లో ఇంకో అతిథి కూడా ఉన్నారు. కడప జిల్లా ఎర్రగుంట్ల పక్క పల్లె నుంచి కంటి ఆసుపత్రి పని మీద వచ్చిన పెద్దాయన. మా నాన్నగారి కాలం నుంచీ స్నేహం. వయసు ఎనభై దాటింది. ఆయన తాగడం మానేసి చాలా ఏళ్ళయింది గానీ ముక్కు మాత్రం మానలేదు.

ఇటువంటి వాటిని చూసే పద్ధతి ఒకటుంది. గ్లాసు చిన్నదిగా, మూతి దగ్గర కొంచెం బిగువుగా ఉండాలి. అర ఔన్సు చాలు. ముక్కు గ్లాసులో దూర్చి గట్టిగా పీల్చకూడదు. పీలిస్తే ఘాటు నెత్తికెక్కి ఇంకేమీ తెలియదు. నోరు కొద్దిగా తెరిచి, గ్లాసు గడ్డం దగ్గర పెట్టుకొని మెల్లిగా వాసన చూడాలి. తరవాత నాలుగు చుక్కల నీళ్ళు వేసి మళ్ళీ చూడాలి. నీళ్ళు పడగానే అంతదాకా దాగిన వాసనలు కొన్ని పైకి తేలతాయి. ఐసు ముక్కలు వేస్తే మంచివీ చెడ్డవీ అన్నీ ముడుచుకుంటాయి.

రంగు చూస్తే పద్ధెనిమిది నెలలదని ఎవరూ అనరు. బెల్లప్పాకం రంగు. మొదటి వాసన కాలిన మొక్కజొన్న కంకి. వాన పడేటప్పుడు బొగ్గుల మీద కాల్చి నిమ్మకాయ రాసి ఇస్తారే, సరిగ్గా అదే. దాని వెనక కొంచెం వెనిలా, కొంచెం మాడిన పంచదార. అంతవరకు బాగుంది. ఆ వెనకే రంపపు పొట్టు వాసన గుప్పుమన్నది. నోట్లో పోసుకుంటే మొదట తీపి, వెంటనే మిరియం, ఆ పైన నాలుక అంచులను పట్టేసే వగరు. మింగాక మిగలవలసిన రుచి గబుక్కున తెగిపోయి, పచ్చి పిండి వాసన ఒకటి మిగిలింది.

పెద్దాయన గ్లాసు అందుకొని ఒక్కసారి వాసన చూసి కింద పెట్టేశారు.

"ఏందప్పా ఇది, కొత్త తలుపు కాడ నిలబడినట్టుండాది!" అన్నారు. కాస్సేపాగి, "పులుసు బాగనే మరిగింది గానీ పచ్చివాసన పోలేదు నాయనా," అన్నారు.

ఈ ఒక్క మాటతో తీర్పు అయిపోయింది. నేను ఇంగ్లీషు పుస్తకాల్లో ఇటువంటి సరుకును గురించి చదివిన వర్ణనలు చాలా ఉన్నాయి. ఇంత సూటిగా చెప్పింది ఒక్కటీ లేదు. పులుసుకు మంట ఒక్కటే చాలదు, సమయం కూడా పట్టాలి. చింతపండు, ఉప్పు, కారం అన్నీ సరిగ్గా ఉన్నా, ఒకదానితో ఒకటి కలిసి తమ విడి వాసనలు వదులుకొనే గడియ ఒకటుంది. ఈ సీసాలో మొక్కజొన్న మొక్కజొన్నగా ఉంది, కొయ్య కొయ్యగా ఉంది. రెండూ ఇంకా కాపరానికి రాలేదు.

మరి రంగు అంత ముదురుగా ఎల్లా వచ్చిందని మా మేనల్లుడిని అడిగితే రహస్యం చెప్పాడు. పెద్ద కంపెనీలు వాడే పీపా 53 గాలన్లది, అంటే సుమారు 200 లీటర్లు పడుతుంది. ఈ దంపతులు వాడేది 10 గాలన్ల చిన్న పీపా. పీపా చిన్నదయ్యేకొద్దీ లోపలి సరుక్కు కొయ్య తగిలే పాలు ఎక్కువవుతుంది. అంచేత రంగూ, వగరూ, వెనిలా వాసనా తొందరగా దిగుతాయి. కొయ్యకు మంట తగిలినప్పుడు అందులోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ పుడుతుంది. కొయ్యలోని చక్కెరలు మాడి పాకం వాసననిస్తాయి. ఇవన్నీ కొయ్య ఇచ్చేవి. పీపా చేసే రెండో పని వేరే ఉంది. లోపలి బొగ్గు గంధకపు కంపును పీల్చుకోవాలి. కొయ్య సందుల్లోంచి గాలి కొద్దికొద్దిగా దూరి సరుకులోని మొరటుదనాన్ని మెత్తబరచాలి. ఈ పనికి అడ్డదారి దొరకలేదు. కెంటకీలో బఫెలో ట్రేస్ అనే పెద్ద బట్టీవారు 5, 10, 15 గాలన్ల పీపాలను 2006లో నింపి ఆరేళ్ళు ఓపిక పట్టారు. 2012లో మూత తీసి చూసి, ప్రయోగం విఫలమైందని తామే ప్రకటించుకున్నారు. కొయ్య రుచి నిండుగా దిగింది గానీ పక్వం రాలేదన్నారు.

మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. కార్బైడు పెట్టిన మామిడికాయను బజార్లో చూడనివారెవరు? పైకి బంగినపల్లిలాగా పసుపు పచ్చగా మెరుస్తుంది, కోస్తే టెంక దగ్గర పులుపు. గడ్డిలో ముగ్గిన పండుకు రంగు అంత మెరవకపోవచ్చు గానీ ఇల్లంతా వాసన వేస్తుంది.

అయితే ఆ భార్యాభర్తలు ఆగలేకపోయారెందుకు? నాలుగేళ్ళు ఆగితే మంచిదని వాళ్ళకు తెలియదా? తెలుసు. బట్టీకి అప్పు తెచ్చారు, రాగి పాత్రలు కొన్నారు, పీపాలు కొన్నారు, ధాన్యం కొన్నారు. పీపా కొట్లో పడుకున్నన్నాళ్ళూ రూపాయి రాదు, వడ్డీ మాత్రం పడుకోదు. అందుకే చిన్న బట్టీలవాళ్ళు చాలామంది పీపా అక్కర్లేని జిన్ను, వోడ్కా ముందు అమ్ముకొని, బోర్బన్ కాస్త రంగు తేలగానే సీసాల్లోకి ఎక్కిస్తారు. న్యూయార్కు రాష్ట్రంలో 2003లో పెట్టిన టుథిల్‌టౌన్ అనే బట్టీ అయితే చిన్న పీపాల సరుక్కు 'బేబీ బోర్బన్' అనే పేరు పెట్టి అమ్మింది. లోపాన్ని దాచకుండా దాన్నే పేరు చేసుకోవడం తెలివైన పనే. 2010లో స్కాట్లండుకు చెందిన ఒక పెద్ద కంపెనీ ఆ విస్కీల పేరు కొనుక్కుంది కూడా.

మా కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డ బస్తాల పక్కన నిలబడ్డ రైతును చూసినవారికి ఈ తొందర అర్థమవుతుంది. పది రోజులాగితే ధర పెరుగుతుందేమోనని అతనికీ తెలుసు. ఆగడానికి నీడ కావాలి, అప్పులవాడు ఆగాలి, ఇంట్లో పొయ్యి ఆగాలి. ఆగగలగడం కూడా ఒక ఆస్తే. అది లేనివాడి సరుకు పచ్చిగానే బజారుకు వస్తుంది. అందువల్ల ఆ దంపతులను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్ళు తొందరపడ్డారు గానీ అబద్ధమాడలేదు. పద్ధెనిమిది నెలలని కాగితం మీద ఉంది.

"టెక్సాసు ఎండకు వయసు తొందరగా వస్తుంది మామా," అని మేనల్లుడు తన ఊరి తరఫున వాదించాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఎండకు పీపాలోని సరుకు ఉబ్బి కొయ్యలోకి దిగుతుంది, చల్లబడ్డప్పుడు వెనక్కి వస్తుంది. వేడి దేశంలో ఈ రాకపోకలు జాస్తి. దానితోపాటు ఆవిరై పోయేదీ జాస్తి. ఆ పోయేదాన్ని విస్కీవాళ్ళు ముద్దుగా దేవదూతల వాటా అంటారు. స్కాట్లండులో దేవదూతలు ఏడాదికి నూటికి రెండు పాళ్ళు పుచ్చుకుంటే, మన పక్కనున్న బెంగుళూరులో పది పన్నెండు పాళ్ళు పుచ్చుకుంటారు.

బెంగుళూరు పేరెత్తాను గనక అమృత్ వారి సంగతి చెప్పి తీరాలి. 1948లో పెట్టిన ఆ బట్టీ 2004లో తన సింగిల్ మాల్టును ఎక్కడో కాకుండా సాక్షాత్తూ స్కాట్లండులోని గ్లాస్గోలోనే విడుదల చేసింది. నాలుగైదేళ్ళ సరుకు, పదేళ్ళు దాటిన వాటి సరసన నిలబడింది. బెంగుళూరులో ఒక ఏడాది స్కాట్లండులో మూడేళ్ళతో సమానమని అక్కడివారి అంచనా. కాబట్టి వయసంటే పంచాంగం ఒక్కటే చెప్పేది కాదని ఒప్పుకుంటాను. అయినా నాలుగేళ్ళు నాలుగేళ్ళే, పద్ధెనిమిది నెలలు పద్ధెనిమిది నెలలే.

మాటవరసకు, కర్నూల్లో పీపా పెడితే ఏమవుతుంది? మే నెలలో నలభై డిగ్రీలు దాటి కాసే ఎండ, పైన పొడిగాలి. గాలిలో చెమ్మ ఉన్నచోట పీపాలోంచి ఆల్కహాలు ఎక్కువగా పోయి సరుకు మెత్తబడుతుంది. పొడిగాలి ఉన్నచోట నీళ్ళే ముందు పోతాయి. ఏటేటా సరుకు పలచబడకపోగా ఇంకా ఘాటెక్కుతుంది. మా సీమ మనుషుల మాటతీరు కూడా అల్లాగే తయారైందేమోనని నాకు అనుమానం.

ఇంకో పోలిక కూడా ఉంది. కెంటకీవారు తమ విస్కీకి కారణం తమ నీళ్ళేనని గొప్పగా చెప్పుకుంటారు. అక్కడ నేలంతా సున్నపురాయి. దానిలోంచి ఊరిన నీళ్ళల్లో ఇనుము ఉండదు. ఇనుముంటే విస్కీ రంగూ రుచీ చెడతాయి. సున్నం పులియబెట్టడానికి సాయం కూడా చేస్తుంది. మరి సున్నపురాయికి మనం తీసిపోయామా? ఇళ్ళల్లో వంటగట్టుకు పరిచే కడప బండ సున్నపురాయే. బేతంచెర్ల నాపరాయి సున్నపురాయే. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలను తొలిచింది సున్నపురాతిలో పారిన నీళ్ళే. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు బతికేది ఆ రాతి మీదే. మొక్కజొన్న మన రైతులూ పండిస్తున్నారు. అందులో చాలా భాగం కోళ్ళ దాణాకు పోతుంది.

ఈ మాట అంటే పెద్దాయన నవ్వారు. "రాయుంటే, గింజుంటే అయితాదా? ఆగే ఓపిక యాడుండాది? మా తావున కాచే దినాల్లో బెల్లం, తుమ్మచెక్క కుండలో నానేసి పులియబెట్టేది. ఊట ఊరినాక కాచేది. పొద్దున కాచింది రేత్రికి అయిపోవల్ల. లేకుంటే పోలీసోళ్ళు కుండలు పగలగొట్టేస్తారు!"

నవ్వుకుంటూ అన్నా అందులో చరిత్ర ఉంది. ఆగడానికి డబ్బు ఒక్కటే కాదు, చట్టం కూడా కావాలి. మా సీమకు ఆ చట్టంతో ఉన్న సంబంధం చిత్రమైంది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938 అక్టోబరులో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అంటే తెలుగునేల మీద నిషేధాన్ని మొదట రుచి చూసింది కడప, చిత్తూరు వాళ్ళే. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఏడాది తిరిగేసరికి, 1954 నవంబరు 6న, ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఇదే కర్నూల్లో పడిపోయింది. దేని మీద? నిషేధాన్ని గురించిన వివాదం మీద. తేడా ఒక్క ఓటు. కల్లు గీసేవారి జీవనం కోసం పోరాడినవారు ఒక పక్క, గాంధీగారి మాట పోరాదన్నవారు ఒక పక్క.

ఆ తరవాత కథ చాలామందికి తెలిసిందే. నిషేధం సడలింది. సారా పాటలు వచ్చాయి. 1980లలో ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి 'వారుణి వాహిని' అని కావ్యానికి పెట్టదగిన పేరు పెట్టి ఊరూరా అందించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి స్త్రీలూ అక్షరాలు నేర్చుకుంటూ నేర్చుకుంటూ సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకొని 1993 అక్టోబరులో సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. 2019 అక్టోబరు నుంచి దుకాణాలను ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో అవి మళ్ళీ ప్రైవేటువారి చేతికి వెళ్ళాయి.

ఈ ఎనభై ఏడేళ్ళ కథలో నాకు ఒక విషయం ఆశ్చర్యంగా ఉంటుంది. తాగవచ్చునా, తాగరాదా అని వాదించాం. ఎవరు అమ్మాలి, ఎంతకు అమ్మాలి, ఖజానాకు ఎంత రావాలి అని వాదించాం. తాగేవాడి గొంతులోకి పోతున్నది ఏమిటని అడిగినవారు తక్కువ. మన దేశంలో విస్కీ అని అమ్ముడయ్యేదాంట్లో చాలా భాగానికి మూలం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటు. ఈమధ్య ధాన్యపు స్పిరిటు కూడా కలుస్తున్నది. దానికి కొంత మాల్టు, కొంత రంగు, కొంత వాసన చేరుస్తారు. చెరకు మడ్డి స్పిరిటును విస్కీ అనడానికి యూరపు దేశాలు ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే పోనివ్వండి, రుచి ఎవరిది వారిదే. కానీ కూలి డబ్బులో సగం పెట్టి క్వార్టరు కొనే మనిషికి అది మడ్డిదా, నూకలదా, పీపా మొహం చూసిందా లేదా అన్నది సీసా మీద సాధారణంగా కనబడదు. గుర్రం బొమ్మో కోట బొమ్మో కనబడుతుంది.

అమెరికావారు పుట్టుకతోనే నిజాయితీపరులని నేననడం లేదు. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి వర్తకులు పచ్చి స్పిరిటులో రంగులూ, పొగాకు రసమూ కలిపి పాత విస్కీ అని అమ్మారు. ఆ మోసానికి విసిగి 1897లో ఒక చట్టం చేసుకున్నారు. ఒకే బట్టీలో, ఒకే కాలంలో తీసి, సర్కారు కాపలాలో నాలుగేళ్ళు తక్కువ కాకుండా పీపాలో ఉంచినదానికే ప్రభుత్వ ముద్ర. ఆ తరవాత అసలు విస్కీ అంటే ఏమిటన్న తగవు ముదిరి, 1909లో దేశాధ్యక్షుడు టాఫ్టు స్వయంగా కూర్చొని తీర్పు చెప్పవలసి వచ్చింది. తరవాత 1920 నుంచి 1933 దాకా వాళ్ళూ నిషేధం పెట్టి చూశారు, ఎత్తేశారు. ఇన్ని ఎదురుదెబ్బలు తిని, చివరికి ఆ చిన్న కాగితం దగ్గరికి వచ్చారు.

మా ఆవిడ ఇదంతా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్నది. సీసా అందుకొని కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "వయసు చెప్పే సీసా బాగుంది. తాగేవాడికిది ఎన్నో గ్లాసో చెప్పే సీసా కూడా ఉందేమో కనుక్కోరా అబ్బీ," అన్నది.

"అది సీసా చెప్పదత్తా, నువ్వే చెప్పాలి," అన్నాడు వాడు.

"చెప్పీ చెప్పీ అలిసిపోయినవాళ్ళు ఊళ్ళో ఎంతమంది ఉన్నారో నీకేం తెలుసు?" అన్నది ఆవిడ. ఆ మాటకు ఎవ్వరం జవాబు చెప్పలేదు. దూబగుంట ఆడవాళ్ళు లేచింది కూడా ఆ అలసట లోంచే. కాగితం మీది అక్షరాలు ఆ అలసటను తీర్చలేవు. ఎంత నిజాయితీగా తయారైనదైనా కాపరాన్ని కూల్చగలదు. ఆ తగవును సరుకు తయారుచేసేవాడి మీద ఒక్కడి మీదే వేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

అయినా కాగితానికి దాని విలువ దానికుంది. తాగడం మానుకోవలసిన మనిషికి కూడా తాను మింగుతున్నదేమిటో తెలుసుకొనే హక్కు ఉంది. మానమని పోరే భార్యకు అంతకంటె ఎక్కువ హక్కుంది. 2025 అక్టోబరులో ములకలచెరువు దగ్గర నకిలీ మద్యం తయారీ బయటపడ్డ తరవాత, సీసా మీది గళ్ళ ముద్రను ఫోనుతో చూసి అసలుదో నకిలీదో తెలుసుకొనే ఏర్పాటు మన రాష్ట్రంలో వచ్చింది. మంచిదే. అది ఇంటిపేరు చెబుతుంది. ఇంకో రెండు ముక్కలు కూడా తెలుగులో చెబితే ఏం పోతుంది? దేనితో తీశారు, ఎన్నాళ్ళు ఉంచారు. పీపా చూడనిదైతే చూడలేదని వ్రాయవచ్చు. టెక్సాసులో రేకుల కొట్టంలో ఉన్న ఇద్దరు మనుషులు చేత్తో వ్రాయగలిగినది, వేల పెట్టెలు అమ్మే కంపెనీలు అచ్చు వేయలేవా?

ఇహ కొనాలా వద్దా అని అడిగేవారి కోసం: ఎవరైనా మీకు ఇటువంటి లేత బోర్బన్ తెచ్చిస్తే తిరగగొట్టకండి. ఒకసారి చిన్న గ్లాసులో, నాలుగు చుక్కల నీళ్ళతో వాసన చూడండి. ధాన్యం ఎల్లా ఉంటుందో, కొయ్య ఎల్లా ఉంటుందో విడివిడిగా తెలుస్తుంది. బాగా ముదిరిన సరుకులో ఆ తేడా తెలియదు. చదువుకోవడానికి పనికొస్తుంది, అలవాటు చేసుకోవడానికి పనికిరాదు. సొంత డబ్బు పెట్టేటట్టయితే నాలుగేళ్ళు నిండినదే తీసుకోండి. ధరలో తేడా కూడా ఎక్కువ ఉండదు.

మా సీసాలో ముప్పాతిక భాగం ఇంకా మిగిలే ఉంది. గాజు సీసాలో ఎన్నాళ్ళుంచినా వయసు పెరగదు, పీపాలోంచి బయటికి వచ్చిన రోజునే దాని వయసు ఆగిపోతుంది. అంచేత దాన్ని దాచి ముదరబెట్టాలన్న ఆశ నాకు లేదు. సీసా ఖాళీ అయినా కాకపోయినా ఆ కాగితం మాత్రం జాగ్రత్తగా ఊడదీసి దాచుకుంటాను. మన ఎక్సైజు శాఖ వారెవరైనా అడిగితే చూపించవచ్చు.